కాడి దించేవాడు

పోయిన నెలలో ఒక రాత్రి నిద్ర పట్టక బాక్సింగ్ సినిమా ఒకటి పెట్టుకున్నా. హ్యాండ్స్ ఆఫ్ స్టోన్, 2016లో వచ్చింది. పనామా బాక్సర్ రాబర్టో డురాన్ కథ, అతని ట్రైనర్ రే ఆర్సెల్‌గా రాబర్ట్ డి నీరో వేశాడు. సినిమా నిండా అన్ని గుద్దులు గుద్దుకున్నారా, నాకు మాత్రం ఒక దువ్వెన గుర్తుండిపోయింది. రౌండుకూ రౌండుకూ మధ్య దొరికే నిమిషంలో ఆ ముసలాయన డురాన్ తల దువ్వుతాడు. అవతలి కార్నర్‌లో కూర్చున్నవాడు ఇటు చూసి, వీడికి జుట్టు కూడా చెదర్లేదే అని జావగారిపోవాలని.

మా మామ గుర్తొచ్చాడు. టంగుటూరు దగ్గర పల్లెటూరు మాది, పొగాకు సేద్యం. మామకు సేద్యం కంటే బండలాగుడు పందేల పిచ్చి ఎక్కువ. పందెం రోజు గిత్తల్ని శుభ్రంగా కడిగి, కొమ్ములకు నూనె రాసి, బండ దగ్గరికి తోలుకుపోయే ముందు కావాలనే అవతలి జతల ముందు నుంచి ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు. "ఎద్దుకేం తెలుసురా, చూసేవాడి గుండె జారాల" అనేవాడు.

సరే, సినిమా బాగుందా అంటే పర్లేదు. కానీ అయిపోయాక కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొంచెం చుట్టు తిరిగి రావాలి, ఓపిక ఉంటే చదవండి.

బాక్సింగ్ సినిమాలన్నీ దాదాపు ఒకే సినిమా. ఒక పాత జిమ్ము, అందులో ఒక ముసలాయన, ఆయనకు ఎప్పటిదో ఒక గాయం, ఆయన చేతికి చిక్కిన ఒక కోపిష్టి కుర్రాడు. ముందు తిట్టుకుంటారు, తర్వాత తండ్రీకొడుకుల్లా అయిపోతారు. ఆఖరి ఫైట్‌లో కుర్రాడు పడిపోతాడు, ముసలాయన తాళ్ల పక్కన నిలబడి "లేవరా" అని గొంతు చించుకుంటాడు, వాడు లేస్తాడు. మన దగ్గరైతే ఆ లేచే ముందు వాళ్లమ్మ ముఖం కూడా ఒకసారి కనిపిస్తుంది. 2017లో వచ్చిన గురులో కోచ్‌గా వెంకటేష్ వేశాడు కాబట్టి మనం కోచ్ వైపు చూశాం. పెద్ద హీరో వేస్తే తప్ప కోచ్ మన కంటికి ఆనడు.

నా గొడవేమిటంటే, "లేవరా" అని అరవడం ట్రైనర్ పనిలో చాలా చిన్న ముక్క. ముందు వరసలో టికెట్ కొనుక్కున్నవాడు కూడా అరుస్తాడు అది. ట్రైనర్‌కు తప్ప ఇంకెవరికీ చేతకానిది, చేతనైనా చేసే హక్కు లేనిది ఇంకోటుంది. ఇక చాలు అనడం. సినిమాలకు ఆ మాట పడదు. పడితే కథ అక్కడే ఆగిపోతుంది మరి.

మనకు "కాడి పడేశాడు" అనే మాట ఉంది. చేతులెత్తేశాడు, పనికిమాలినవాడు అనే అర్థంలో, తిట్టు కిందే వాడతాం. కానీ కాడి పడేయడం వేరు, కాడి దించడం వేరు. మొదటిది ఎద్దు చేసే పని. రెండోది మనిషి చేసేది, ఎద్దు కాడి పడేయక ముందే చేయాల్సింది. డురాన్ కథలో నాకు కనిపించింది అంతా ఇదే. సినిమావాళ్లకు కనిపించలేదని నా కోపం.

ఆర్సెల్ మామూలు మనిషి కాదు. 1899లో పుట్టాడు, న్యూయార్క్ స్టిల్‌మన్స్ జిమ్‌లో పండిపోయిన ట్రైనర్. హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ చేతిలో చితికిపోయిన వాళ్లలో చాలామందికి కార్నర్‌లో నిలబడింది ఈయనే. ఓడినవాళ్లను మోసుకెళ్లడమే ఈయన పని అన్నట్టు "మాంసం బండి" అని పేరు పెట్టారట. 1950లో ఎజర్డ్ చార్లెస్ లూయిస్‌ను ఓడించినప్పుడు మాత్రం గెలిచిన కార్నర్‌లో ఉన్నాడు. ఆ తర్వాత టీవీలో పోటీలు వేయించే పనిలోకి దిగాడు. అప్పట్లో ఆ వ్యాపారమంతా మాఫియా గుప్పిట్లో ఉండేది. 1953లో బోస్టన్‌లో ఎవడో సీసపు గొట్టంతో తల మీద కొట్టి పోయాడు. బతికి బయటపడి, దాదాపు 20 ఏళ్లు బాక్సింగ్ జోలికి పోకుండా ఒక కంపెనీలో కొనుగోళ్ల ఉద్యోగం చేసుకున్నాడు. డెబ్బై దాటాక మళ్లీ వచ్చాడు, డురాన్ కార్నర్‌లో నిలబడ్డాడు. ఫ్రెడ్డీ బ్రౌన్ అనే ఇంకో ముసలాయన తోడు.

డురాన్ ఎల్ చొర్రియో అనే మురికివాడలో పెరిగిన పిల్లవాడు. 21 ఏళ్లకు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కెన్ బుకానన్‌ను కొట్టి లైట్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1980 జూన్ 20న మాంట్రియల్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరగని షుగర్ రే లెనార్డ్‌ను 15 రౌండ్లు తరిమి తరిమి ఓడించాడు. ఇంక పనామాలో పండగే పండగ. తిండి, తాగుడు, ఊరేగింపులు. ఒళ్లు ఊరింది. అయిదు నెలలకే మళ్లీ లెనార్డ్‌తో పోటీకి మేనేజర్ ఒప్పేసుకున్నాడు, ఎందుకంటే డబ్బు లక్షల డాలర్లలో ఉంది. పోటీ విభాగం పరిమితి 147 పౌండ్లు, పెరిగిన ఒళ్లంతా అంతకు దించాలి. దించాడు కూడా. నవంబర్ 25న న్యూ ఆర్లియన్స్‌లో బరిలోకి దిగాడు.

ఆ పోటీ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. లెనార్డ్ గుద్దడం కంటే ఎగతాళే ఎక్కువ చేశాడు. చెయ్యి గిరగిరా తిప్పి ఇంకో చేత్తో కొట్టడం, గడ్డం ముందుకు పెట్టి కొట్టుకో అనడం. ఎనిమిదో రౌండ్ ఆఖర్లో డురాన్ అటు తిరిగి చెయ్యి ఊపాడు. రిఫరీకి అర్థం కాలేదు. మళ్లీ ఊపాడు. "నో మాస్", ఇక వద్దు, అన్నాడని ప్రపంచమంతా చెప్పుకుంది. ఆ మాటే అనలేదని డురాన్, కడుపునొప్పి వచ్చిందని డురాన్. ఏదైతేనేం, కాడి పడేశాడు.

సినిమా ఇక్కడ డురాన్ మనసులోకి దూరిపోతుంది. ఎందుకు పడేశాడు, అవమానమా, కడుపునొప్పా, చిన్నప్పటి ఆకలా అని. తర్వాత మళ్లీ ఎలా లేచాడో చూపించి చేతులు దులుపుకుంటుంది. నిజంగానే లేచాడు కూడా, 1983లో తన 32వ పుట్టినరోజున డేవీ మూర్‌ను కొట్టి ఇంకో టైటిల్ గెలిచాడు. బానే ఉంది. నాకు కావలసింది ఆ ఎనిమిదో రౌండ్ దగ్గర కార్నర్‌లో నిలబడిన ముసలాయన ముఖం. వయసు 81. దాదాపు అరవై ఏళ్ల అనుభవం. వేలమంది చేతికింద ఆడారు, ఒక్కడూ ఇలా మధ్యలో వదిలేయలేదని ఆయన బాధపడ్డాడు. అయ్యా, అంత అనుభవం ఉన్నవాడివి, అయిదు నెలల్లో అంత ఒళ్లు కరిగించిన మనిషిని చూసి, ఈ జతను ఈసారి పందేనికి కట్టొద్దు అని ఎందుకు అనలేకపోయావు? అన్నా వినేవాళ్లు కాదేమో. పగ్గాలు ఆయన చేతిలో లేవు, మేనేజర్ చేతిలో, ప్రమోటర్ చేతిలో ఉన్నాయి. ఆయన చేతిలో ఉన్నది స్పాంజీ, దువ్వెన. ఇది సినిమా కాదా? నాకైతే ఇదే సినిమా.

ఆ రోజు అవతలి కార్నర్‌లో, లెనార్డ్ వైపు ఎవరున్నారో తెలుసా? ఏంజెలో డండీ. మహమ్మద్ అలీ ట్రైనర్. అప్పటికి 54 రోజుల ముందు, అక్టోబర్ 2న, లాస్ వేగాస్‌లో అలీకి లారీ హోమ్స్‌తో పోటీ జరిగింది. అలీకి 38 ఏళ్లు, ఒంట్లో ఏమీ మిగల్లేదు. పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. హోమ్స్ ఒకప్పుడు సాధనలో అలీకి ఎదురు నిలబడి ఆడినవాడు (స్పారింగ్ అంటారు), కొట్టలేక కొట్టాడు. పదో రౌండ్ తర్వాత అలీ మేనేజర్ అవతల నుంచి తల ఊపాడు, డండీ రిఫరీని పిలిచి ఆపేయమన్నాడు. కార్నర్‌లోనే ఉన్న బుండీనీ బ్రౌన్, అలీకి ప్రాణమిచ్చే మనిషి, ఇంకొక్క రౌండ్ అని బతిమాలాడు. డండీ వినలేదు. ఇక్కడ పెద్దను నేను, అయిపోయింది అన్నాడు. అలీ జీవితం మొత్తంలో మధ్యలో ఆగిపోయి ఓడిన పోటీ అదొక్కటే.

రెండు నెలలు తిరక్కముందే ఒకే మనిషి రెండూ చూశాడు. తను కాడి దించిన రోజు, అవతలివాడు కాడి పడేసిన రోజు. దీని మీద ఎవరూ సినిమా తీయరు.

డండీ ఏదో మెత్తటి మనిషి అనుకోవద్దు. 1964 ఫిబ్రవరిలో మయామీ బీచ్‌లో, అప్పటికింకా కాషియస్ క్లే అనే పేరుతో ఉన్న 22 ఏళ్ల అలీ, సనీ లిస్టన్‌తో నాలుగు రౌండ్లు ఆడి కార్నర్‌కు వచ్చి కళ్లు మండిపోతున్నాయి, ఏమీ కనబడటం లేదు, గ్లవ్స్ కోసేయండి అని గోల పెట్టాడు. డండీ ఆ కంటికి తగిలించిన వేలు తన కంట్లో పెట్టుకుని చూశాడు. నిజంగానే మండింది. అయినా నీళ్లతో తుడిచి, లేపి, పరిగెత్తి తప్పించుకో పొమ్మని రింగ్‌లోకి తోశాడు. కళ్లు కనబడని కుర్రాణ్ణి! ఆ రౌండ్ తప్పించుకున్నాడు, చూపు తిరిగొచ్చింది, ఏడో రౌండ్‌కు లిస్టన్ స్టూలు మీంచి లేవలేదు. ఆ రోజు డండీ గ్లవ్స్ కోసి ఉంటే అలీ అనే మనిషి మనకు తెలిసేవాడు కాదేమో. 1981లో టామీ హర్న్స్ మీద లెనార్డ్ వెనకబడి ఉన్నప్పుడూ అంతే, 12 రౌండ్లు అయ్యాక చేతికొచ్చింది పోగొట్టుకుంటున్నావు కొడకా అని గదమాయించి పంపాడు. 14వ రౌండ్‌లో లెనార్డ్ గెలిచాడు.

అంటే తోసినవాడూ ఆయనే, ఆపినవాడూ ఆయనే. తోసిన రోజు అబ్బాయి వద్దంటున్నాడు, ఆపిన రోజు పక్కవాళ్లు ఇంకో రౌండ్ అంటున్నారు. రెండుసార్లూ చుట్టూ ఉన్నవాళ్ల మాటకు ఎదురు పోయాడు. ఎలా తెలుస్తుంది వీళ్లకు? నేను చాలా ఏళ్లు దీని మీద తల బద్దలు కొట్టుకున్నా, ఎందుకంటే నా మీద కూడా ఒకాయన ఒకసారి టవల్ వేశాడు. కార్నర్ నుంచి టవల్ వేశారంటే మావాడికి ఇక చాలు, ఆపేయండి అని.

ఇప్పుడంటే నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ వచ్చి 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది, ఆడపిల్లలు కూడా గ్లవ్స్ కొనిపెట్టమని ఇళ్లలో అడుగుతున్నారు. నేను నెల్లూరులో డిగ్రీ చదివే రోజుల్లో బాక్సింగ్ అంటే రౌడీతనం కిందే లెక్క. ఒక సార్ ఉండేవాడు. మిలిటరీలో చేసి వచ్చినాయన, పగలు ఎక్కడో సెక్యూరిటీ డ్యూటీ, తెల్లవారుజామున మాకు ప్రాక్టీసు. రంగనాయకులస్వామి గుడి అవతల పెన్న ఇసుకలో పరుగు పెట్టించేవాడు. ఇసుకలో పరిగెత్తితే పిక్కలు ఎట్లా పట్టేస్తాయో పరిగెత్తినవాళ్లకే తెలుసు. రింగ్ లేదు, నేల మీద సున్నంతో గీసిన చదరం. గోనెసంచిలో చిరిగిన బట్టలు, ఊక కూరి వేపచెట్టుకు వేలాడదీస్తే అదే పంచింగ్ బ్యాగ్. వాన పడితే అది నాని రాయిలాగా అయిపోయేది, ఆ రోజు మణికట్లు పోయేవి. మాకు పేర్లుండేవి కావు, ఊళ్లే పేర్లు. కావలి, గూడూరు, ఆత్మకూరు. నేను ఒంగోలు. "ఏందిరా ఒంగోలూ, గిత్త మాదిరి తల దించి దూరతావేంది, తల ఎత్తు" అని రోజూ తిట్టేవాడు. నిజంగానే అట్లాగే దూరేవాణ్ణి.

గుంటూరు అవతల ఒక ఊళ్లో టోర్నమెంటు. నాది 57 కేజీలు. రెండు రోజుల ముందు చూసుకుంటే రెండు కేజీలు ఎక్కువున్నా. సార్‌కు చెప్పలేదు. యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరుకు తలకూ చేతులకూ చిల్లులు పెట్టి, చొక్కా కింద తొడుక్కుని మధ్యాహ్నం ఎండలో పరిగెత్తా. ఒక రోజంతా నీళ్లు మానేసి ఉమ్ముతూ కూర్చున్నా. తూకంలో సరిపోయా. ఇప్పుడు డురాన్ సంగతి చదువుతుంటే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. లక్షల డాలర్ల పోటీలోనూ, ఒక షీల్డు, ఒక సర్టిఫికెట్ ఇచ్చే పోటీలోనూ ఒకటే పిచ్చి. అక్కడ ఏర్పాట్ల సంగతి చెప్పక్కర్లేదు, డాక్టరు వస్తాడన్నారు, మేం ఉన్నంతసేపూ రాలేదు.

అవతలివాడిది ఎడంచేతి వాటం. మొదటి రౌండ్ నాదే, ఇప్పటికీ నాదే అంటా. రెండో రౌండ్ మధ్యలో చెవి మీద ఒక హుక్, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే గుద్దు, తగిలింది. పెద్ద నొప్పేం లేదు. గుయ్ మని ఒక చప్పుడు, అంతే. నేను తిరిగి కొడుతున్నా, తగులుతున్నాయి కూడా, జనం అరుస్తున్నారు. ఇంతలో నా కాళ్ల దగ్గర ఎర్ర గళ్ల తుండు వచ్చి పడింది. అది ఎవరిదో నాకు తెలుసు, రోజూ ఆయన భుజం మీద ఉండేదే. రిఫరీ చేతులు ఊపేశాడు. అవతలివాడు కూడా తెల్లబోయాడు.

నేను ఆ రోజు అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆయన ఏమీ అనలేదు, గ్లవ్స్ విప్పాడు, సోడాబండి దగ్గర నుంచి స్టీలు గ్లాసులో ఐసు తెచ్చి చెవి దగ్గర పెట్టబోతే చెయ్యి కొట్టేశా. తిరుగు బస్సులో వేరే సీట్లో కూర్చున్నా. "నేరుగా నెల్లూరు వచ్చెయ్, ఆస్పత్రిలో చూపిద్దాం" అన్నాడు. ఒంగోలు బస్టాండులో మాటైనా చెప్పకుండా దిగిపోయి టంగుటూరు బస్సు ఎక్కేశా. ఆ రాత్రి ఇంట్లో రెండుసార్లు వాంతయింది. బస్సు పడలేదన్నా, అమ్మ నమ్మింది. మళ్లీ ప్రాక్టీసుకు పోలేదు. ఊళ్లో మాత్రం "మావాడు గెలిచేవాడే, వాళ్ల సారే కాడి దించేశాడంట" అని మామ చెప్పుకునేవాడు. ఆ మాట ఆయన నోటెంట వచ్చినప్పుడల్లా ఆయన ముఖం ఒకలాగా అయ్యేది. అదెందుకో అప్పుడు పట్టించుకోలేదు.

మామ సంగతి చెప్పాలి ఇప్పుడు. బండలాగుడు చూడనివాళ్లకు రెండు మాటలు: పెద్ద బండరాయికి గిత్తల జతను కడతారు, ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అంత. పళ్లను బట్టి విభాగాలు, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని. ఎద్దుల వెంట మనుషులు అరుస్తూ పరిగెడతారు, పక్కన మైకులో ఒకడు అడుగులు చదువుతుంటాడు, జనం ఈలలు. మామ ఎప్పుడూ చెప్పేది ఒకటే, ఎద్దు నోరు చూడొద్దు, నురగ అన్ని ఎద్దులకూ వస్తుంది, తొడ చూడు. తొడ వణికిందంటే టైమున్నా సరే కాడి దించెయ్యాలి. ఇంత తెలిసిన మనిషి.

నేను హైస్కూల్లో ఉండగా ఒక తిరునాళ్లలో నాలుగు పళ్ల పందెం. మామ జత మూడో స్థానానికి కొద్దిలో ఉంది. మైకువాడు అడుగుల లెక్క చెబుతున్నాడు, ఇంకొక్క చుట్టు పోతే బహుమతి. దాపటి గిత్త తొడ వణుకుతోంది. నేను చూశా, అంటే మామ నాకు నేర్పిన చూపుతోనే చూశా. మామా అని అరిచా కూడా. ఆయన చూడలేదంటే నమ్మను. చెర్నాకోల ఎత్తాడు. ఆ చుట్టు సగం దాకా పోయి గిత్త మోకాళ్ల మీద కూలిపోయింది. నాలుక బయటికి వచ్చేసింది. బిందెలతో నీళ్లు పోశారు, ఎవరో ఉల్లిపాయ నలిపి ముక్కు దగ్గర పెట్టారు, చాలాసేపటికి లేచింది. మళ్లీ దాన్ని బండకు కట్టలేదు. అమ్మనూ లేదు, అది మా కొట్టంలోనే తిని పడుకుని కొన్నేళ్లకు పోయింది. మామ పందేలు మానేశాడు. ఎవరడిగినా "పొగాకుకు రేటేడుందిబ్బా, పందేలు కూడానా" అనేవాడు. పొగాకు బోర్డు వేలంలో మంచి రేటు పలికిన ఏడాది కూడా అదే మాట.

రెండేళ్ల కింద పని మీద నెల్లూరు పోయి, సార్‌ను వెతుక్కుంటూ వెళ్లా. మోకాళ్లు పోయాయి, కుర్చీ వేసుకుని కూర్చుని ఇప్పటికీ పదిమంది పిల్లల్ని ఆడిస్తున్నాడు. గుర్తుపట్టాడు. "ఒంగోలూ, పొట్టొచ్చిందే" అన్నాడు. టీ తాగుతూ అడిగేశా, ఆ రోజు ఏం చూశావు సార్ అని.

"మడమ" అన్నాడు.

"మడమా?"

"నీ వెనకకాలు మడమరా. అంతవరకూ లేపి ఉంచినావు. ఆ హుక్కు తగిలినాక నేలకు ఆనించేశావు, మళ్లీ లేపలా. చేతులు ఆడతానే ఉండాయి, అవి అలవాటు మీద ఆడతాయి. కాళ్లు ఎప్పుడో ఇంటికెళ్లిపోయినాయి." కాసేపాగి, "నీళ్లు మానేశావని కూడా తెలుసు, పెదాలు చూస్తే తెలవదా. తూకం రోజే నిన్ను ఆపుండాల. ఆపలేకపోయినా. అదీ నా తప్పు" అన్నాడు. వాంతి సంగతి చెప్పా. తల ఊపాడు, అంతే.

ఇక్కడితో ఆపేస్తే సినిమా అయిపోతుంది, నేను కళ్లు తుడుచుకోవాలి, ఆయన భుజం తట్టాలి. కానీ ఆయన ఇంకోటి చెప్పాడు. నా తర్వాత కొన్నేళ్లకు ఇంకో కుర్రాడికి ఇట్లాగే టవల్ వేశాడట. వాడికి ఏమీ కాలేదు, రెండు నిమిషాల్లో మామూలుగా నడుచుకుంటూ పోయాడు. ఆ పోటీ గెలిస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ వచ్చేది. రాలేదు. "వాడు ఇప్పుడు ఆటో తోలతాడు. రోడ్డు మీద కనబడితే నేనే తల తిప్పుకుంటా" అన్నాడు. మడమ చూసే వేశావా సార్ అంటే, అవును మడమ చూసే వేశా అన్నాడు.

అందుకే కాలు చూస్తే తెలుస్తుంది, తొడ చూస్తే తెలుస్తుంది అనే మాటలు నాకు పూర్తిగా నమ్మకం లేదు ఇప్పుడు. 1982 నవంబర్ 13న లాస్ వేగాస్‌లో కిమ్ డుక్ కూ అనే కొరియా కుర్రాడు రే మాన్సీనితో ఆడాడు. చాలా రౌండ్లు సమానంగా ఆడాడు. 14వ రౌండ్‌లో పడ్డాడు, లేచాడు కూడా, తర్వాత కోమాలోకి పోయి కొద్ది రోజులకు చనిపోయాడు. దాని తర్వాతే డబ్ల్యూబీసీ అనే ప్రపంచ బాక్సింగ్ సంస్థ టైటిల్ పోటీలను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించింది, మిగతా సంస్థలూ తగ్గించాయి. ఆ పోటీకి రిఫరీ రిచర్డ్ గ్రీన్. రెండేళ్ల ముందు అలీ, హోమ్స్ పోటీకీ రిఫరీ ఆయనే. అక్కడ కార్నర్ నుంచి చాలు అన్నవాడు ఒకడున్నాడు. ఇక్కడ లేడు. కానీ ఉండి మాత్రం ఏం చూసి ఆపేవాడు? సమానంగా ఆడుతున్నవాణ్ణి, లేచి నిలబడుతున్నవాణ్ణి ఏ మడమ చూసి ఆపుతాడు? టవల్ వేసిన ప్రతివాడూ జీవితాంతం ఆ లెక్క తేలక బతకాల్సిందే. వేస్తే ఏం ఆపాడో ఎప్పటికీ తెలియదు. వేయకపోతే మాత్రం తెలుస్తుంది, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ట్రైనర్ మీద సినిమా తీసేవాడు ఈ బరువు గురించి తీయాలి. "లేవరా" గురించి ఇప్పటికి చాలానే తీశారు.

సినిమా చూసిన వారానికి ఊరెళ్లా. మామకు ఇప్పుడు డెబ్బై దాటింది, వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. ఫోన్‌లో మనీలా పోటీ చూపించా, 1975 అక్టోబర్ 1, అలీ, జో ఫ్రేజియర్. మామకు బాక్సింగ్ తెలియదు గానీ ఇద్దరు బలమైన వాళ్లు తగులుకుంటే ఏదైనా చూస్తాడు. కళ్లజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు. 14 రౌండ్లు అయ్యేసరికి ఫ్రేజియర్ కుడికన్ను వాచి మూసుకుపోయింది, ఎడమకంటి చూపు అంతకుముందే అంతంతమాత్రం, అంటే అలీ చెయ్యి వస్తుంటే కనబడటం లేదు. ఎడ్డీ ఫచ్ అని ఆయన ట్రైనర్, మంచి ముఖం, పెద్దమనిషిలా ఉంటాడు. కుర్రతనంలో జో లూయిస్‌తో ఒకే జిమ్‌లో సాధన చేసినవాడు, గుండెలో ఏదో లోపం ఉందని తను బాక్సర్ కాలేకపోయాడు. ఇంకొక్క రౌండే మిగిలింది. ఫ్రేజియర్ పోతానంటున్నాడు. ఫచ్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేశాడు, అయిపోయింది, నువ్వు ఈ రోజు చేసింది ఎవరూ మర్చిపోరు అన్నాడు. నేను ఇదంతా మామకు తెలుగులో చెబుతున్నా. అవతల అలీ కూడా లేచే స్థితిలో లేడు మామా, ఆపకపోతే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు అని కూడా చెప్పా.

మామ వీడియోను వెనక్కి జరపమన్నాడు. ఫచ్ చెయ్యి వేసే చోటు మళ్లీ చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఒక్క చుట్టే గదా ఉండింది" అన్నాడు.

"ఒక్కటే."

"కాడి దించాడు."

"దించాడు మామా."

చాలాసేపు మాట్లాడలేదు. కొట్టంలో గేదె కదిలితే అటు చూశాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు, "మళ్లీ కట్టారా ఆయన్ని, పందేనికి?"

అబద్ధం చెబుదామనుకున్నా. చెప్పలేకపోయా. "కట్టారు మామా, ఎనిమిది నెలలకే. జార్జ్ ఫోర్‌మన్ అని ఇంకొకాయనతో. అయిదో రౌండ్‌లో పోయింది."

"ఈయనే ఉన్నాడా పక్కన?"

"ఈయనే."

మామ ఫోన్ నా చేతికిచ్చి, గేదెకు నీళ్లు పెట్టాలని మంచం దిగాడు.